కండల కోసం ఆర్‌డీ ఆపేయాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నా వయసు 24. సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాను, జీతం 16,500 రూపాయలు. ఇంట్లో 8,000 ఇస్తాను. పోస్టాఫీసు ఆర్‌డీకి (నెలనెలా కట్టే పొదుపు ఖాతాకు) 1,500, జిమ్‌కు 800, పెట్రోలుకు, ఫోనుకు కలిపి 2,200 పోతాయి. మిగతాది ఎలా ఖర్చవుతుందో తెలియడం లేదు. నా బరువు 61 కిలోలు. మూడు నెలలుగా జిమ్‌కు వెళుతున్నా కండ రావడం లేదు. మా ట్రైనర్ 5,800 రూపాయల వే ప్రొటీన్ (పాల తేట నుంచి తీసే పొడి) డబ్బా, 2,700 రూపాయల మాస్ గెయినర్ (బరువు పెరగడానికి తాగే పొడి), 900 రూపాయల క్రియాటిన్ (బరువులెత్తేవాళ్లు వాడే పొడి) వాడమన్నారు. మొత్తం 9,400. నెలకు 1,750 చొప్పున ఆరు వాయిదాల్లో కట్టవచ్చట. అందుకోసం 14 నెలలుగా కడుతున్న ఆర్‌డీ ఆపేయవచ్చా? నాన్న ఆటో నడుపుతారు, వయసు 52. ఇంట్లో అమ్మ, డిగ్రీ చదివే చెల్లెలు కూడా ఉన్నారు. గుడ్డులో పచ్చసొన తీసేసి తినాలా అన్నది కూడా చెప్పండి. నేను రోజూ తినే తిండి, మా ఊళ్లో సరుకుల ధరలు వేరే చీటీలో రాసి పంపుతున్నాను.

జవాబు: ఆర్‌డీ ఆపవద్దు. వాయిదాల కాగితం మీద సంతకం పెట్టవద్దు. కండ పెంచుకోవాలన్న కోరికను మాత్రం వదులుకోవద్దు. 24 ఏళ్ల వయసులో ఒంటిని గట్టిపరుచుకోవడానికి పెట్టే డబ్బును నేను దుబారా అనను. ఆ డబ్బు ఎక్కడ పెడుతున్నారన్నదే నా పట్టింపు.

ముందు వాయిదాల సంగతి చూద్దాం. 9,400 రూపాయల సరుకుకు ఆరు నెలల్లో 10,500 కడతారు. ఆరు నెలలకు పదకొండు వందలే కదా అనిపిస్తుంది. కానీ నెలనెలా అసలు తీరుతూ వస్తున్నప్పుడు ఆ పదకొండు వందలు చిన్న మొత్తం కాదు. లెక్క కడితే నూటికి నెలకు మూడుంపావు రూపాయల వడ్డీ తేలింది, అంటే ఏడాదికి 39 శాతం. మన ఊళ్లలో మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చేది ఎప్పుడో మీకు తెలుసు. ఆసుపత్రి ఖర్చు నెత్తిన పడితేనో, పెళ్లి ముంచుకొస్తేనో తప్ప ఎవరూ ఆ గడప తొక్కరు. పైగా వే డబ్బాలో 60 స్కూపులు (కొలత చెంచాలు) ఉంటాయని రాశారు. ట్రైనర్ చెప్పినట్లు రోజుకు రెండు వాడితే నెలకు ఖాళీ. ఆ డబ్బాలో మీ అమ్మగారు పప్పులు పోసుకున్న తర్వాత కూడా మీరు ఇంకా ఐదు నెలలు వాయిదాలు కడుతూ ఉంటారు. రెండో నెల పొడికి డబ్బు ఎక్కడిది?

ఇక ఆర్‌డీ. మీరు 14 నెలల్లో 21,000 జమ చేశారు. ఆపేసినంత మాత్రాన ఆ సొమ్ము చేతికి రాదు, మూడేళ్లు నిండితే తప్ప గడువుకు ముందు ఖాతా మూయనివ్వరు. అప్పుడు మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. కట్టని ప్రతి నెలకూ నూటికి రూపాయి చొప్పున, మీ విషయంలో 15 రూపాయలు, అదనంగా పడుతుంది. నాలుగు నెలలు కట్టకపోతే ఖాతా నిలిచిపోతుంది. ఆ తర్వాత రెండు నెలల్లోగా పునరుద్ధరించుకోవాలి. అదే ఐదేళ్లూ కడితే 90,000 జమకు 6.7 శాతం వడ్డీతో 1,07,000 పైచిలుకు వస్తుంది. మీ చెల్లెలి పై చదువుకో, నాన్నగారి ఆటో ఇంజను పనికో అక్కరకొచ్చే మొత్తం అది. ఇంకొక సంగతి గుర్తు పెట్టుకోండి. ఏడాది నిండింది గనుక జమ అయిన సొమ్ములో సగం దాకా, అంటే 10,500 వరకు, పోస్టాఫీసులోనే అప్పు తీసుకోవచ్చు. దాని వడ్డీ ఆర్‌డీ వడ్డీ కంటే రెండు శాతమే ఎక్కువ. నిజంగా కష్టం వచ్చిన రోజున తట్టవలసిన తలుపు అది. పొడి కోసం తట్టకండి.

ఇప్పుడు మీకెంత మాంసకృత్తులు, అంటే ప్రొటీన్, కావాలో చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలు. మీకది 50 గ్రాములు. బరువులెత్తి కండ పెంచేవాళ్లకు కిలోకు 1.6 గ్రాముల వరకు ఉపయోగం ఉంటుందని, అంతకు మించితే ప్రయోజనం పెద్దగా పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. మీకది 98 గ్రాములు. మీ తిండి చీటీని పట్టి చూస్తే అన్నంలో 25, పప్పులో 9, ఇడ్లీ మినప్పప్పులో 6, పాలు, కూరల్లో పదీ, మొత్తం 50 గ్రాములు ఇప్పటికే తింటున్నారు. అన్నంలో మాంసకృత్తులు లేవని జిమ్‌లో చెప్పే మాట తప్పు. శాతం తక్కువే, కానీ మనం తినే అన్నం తక్కువ కాదు. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాల్లో అన్నంలో కొరవడే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో కొరవడే మెథియోనిన్ అన్నంలో ఉంటుంది. రెండూ కలిపి తినడం మన పెద్దలు పెట్టిన మంచి అలవాటు.

కాబట్టి మీకు తగ్గుతున్నది రోజుకు 48 గ్రాములు. సరుకు కొనేటప్పుడు కిలో ధర చూడకుండా ఒక గ్రాము మాంసకృత్తులకు ఎంత పడుతుందో చూడండి. మీరు రాసిన ధరలతోనే చెబుతాను. ఏడు రూపాయల గుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి, గ్రాముకు రూపాయీ పదిహేడు పైసలు. కోడి మాంసం కిలో 220, ఎముకలు పోగా మిగిలే 700 గ్రాముల్లో 140 గ్రాములు, గ్రాముకు రూపాయిన్నర పైన. ఛెనా (పాల విరుగుడు ముద్ద) కిలో 320, గ్రాముకు రూపాయీ ముప్పావలా. కందిపప్పు కిలో 140, గ్రాముకు 64 పైసలు. ఉలవలు కిలో 80, గ్రాముకు 36 పైసలు. మీల్‌మేకర్ కిలో 160, అందులో 520 గ్రాములు, గ్రాముకు 31 పైసలు. వే డబ్బాలో స్కూపుకు 24 చొప్పున 1,440 గ్రాములు, గ్రాముకు నాలుగు రూపాయలు.

రోజుకు మూడు గుడ్లు, 40 గ్రాముల మీల్‌మేకర్, 50 గ్రాముల ఉలవలు తీసుకుంటే 49 గ్రాములు దాటుతుంది. ఖర్చు 31 రూపాయల 40 పైసలు, నెలకు 940. రెండు స్కూపుల వే పొడితో వచ్చేదీ 48 గ్రాములే, ఖర్చు నెలకు 5,800.

ఉలవల దగ్గర కాస్త ఆగుతాను. నేను రాయగడలో పుట్టి పెరిగినవాణ్ణి. కొండల మీది నుంచి సంతకు దిగే కందులు, ఉలవలు, అలసందలు మా ఇంటి తిండి. మా అమ్మ ఉలవలు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంచి, తడి గుడ్డలో మూటకట్టి, మీద రుబ్బురాయి పొత్రం పెట్టేది. మర్నాటికి ఆ మూట విప్పితే తెల్లటి మొలకలు గుడ్డ పోగుల్లోంచి బయటికి వచ్చి ఉండేవి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి అరచేతి వెడల్పు మూకుడులో వేయించి పెట్టేది. మీ ఊళ్లో ఎద్దులకు పెట్టే గింజ అని చిన్నచూపు చూసేవాళ్లు ఉంటారు, పట్టించుకోకండి.

మీల్‌మేకర్ చాలామందికి నచ్చకపోవడానికి వండే తీరే కారణం. సోయా గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండితో చేస్తారు గనుక దానికో పచ్చి వాసన ఉంటుంది. మరిగే నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచండి. నురగ తేలుతుంది, నీళ్లు పసుపురంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లు పారబోసి, చన్నీళ్లలో వేసి, గుప్పిట్లో పెట్టి గట్టిగా పిండండి. నీరు తేటగా వచ్చేదాకా రెండు మూడు సార్లు ఇలా చేయాలి. తర్వాత అల్లంవెల్లుల్లి, కారం పట్టించి వేయిస్తే మాంసం కూరకు తీసిపోదు.

మాస్ గెయినర్ గురించి గట్టిగానే చెబుతాను. లేబులు మీద 100 గ్రాములకు 15 గ్రాముల ప్రొటీన్ అని మీరే రాశారు. మూడు కిలోల్లో 450 గ్రాములు, అంటే గ్రాముకు ఆరు రూపాయలు. మిగతాదంతా చాలావరకు పిండిపదార్థం. మూడు పూటలా అన్నం వండే ఇంట్లోకి 2,700 పెట్టి పిండి పొడి తెచ్చుకోవడం నాకు బాధ కలిగిస్తోంది. బరువు పెరగాలంటే మొత్తం తిండి పెరగాలన్నది నిజమే. దానికి రెండు అరటిపళ్లు, గుప్పెడు వేరుశనగపప్పు, ఒక గ్లాసు పాలు చాలు. క్రియాటిన్ సంగతి వేరు, అది బాగా పరిశోధించిన పదార్థం, బరువులెత్తేవాళ్లకు ఉపయోగపడుతుంది. రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు చాలు. 900 రూపాయల 250 గ్రాముల డబ్బా 50 నుంచి 80 రోజుల వరకు వస్తుంది. ఆశపడితే అదొక్కటే చేతి డబ్బుతో కొనుక్కోండి, కానీ ముందు మూడు నెలలు తిండి సర్దుకున్నాక. మూత్రపిండాల జబ్బు ఉన్నా, ఉందని అనుమానం ఉన్నా క్రియాటిన్ గానీ ఇంత మాంసకృత్తులు గానీ మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి.

వే పొడి చెడ్డదని నేను అనడం లేదు. మీ ఊరి మిఠాయి దుకాణాల్లో ఛెనా కోసం పాలు విరగ్గొట్టాక మిగిలే తేట నీళ్లు చూసే ఉంటారు. చీజ్ కర్మాగారాల్లో మిగిలే అలాంటి తేటను వడగట్టి, ఎండబెట్టి ఈ పొడి చేస్తారు. తొందరగా అరుగుతుంది, వండుకునే తీరిక లేనివాళ్లకు అనువుగా ఉంటుంది. ఛెనా నీళ్లు తాగితే సరిపోతుందా అంటే సరిపోదు. పాలు మరిగించి విరగ్గొట్టడం వల్ల మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం ఛెనాకే అంటుకుపోతుంది. తినవలసింది ఛెనానే. ఎప్పుడైనా పొడి కొన్నా సీలు చెక్కుచెదరని డబ్బా, దాని మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూసి, బిల్లు తీసుకుని కొనండి. ఆ అమ్మకం మీద మీ ట్రైనర్‌కు కమీషన్ ఉందా అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. ఉంటే ఉండవచ్చు, మీకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి. మీ చీటీలో మీ పళ్లెం గురించే రాశారు. అమ్మ, చెల్లెలు ఏం తింటున్నారో రాయలేదు. ఇంట్లో మగపిల్లాడు జిమ్‌కు వెళ్లడం మొదలుపెడితే గుడ్లన్నీ అతని పళ్లెంలోకే చేరడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. ఆడవాళ్లు చారు, పచ్చడితో సరిపెట్టుకుంటారు, అడిగితే ఆకలి లేదంటారు. రోజుకు మూడు గుడ్లు కాదు, ఐదు కొనండి. అమ్మకు ఒకటి, చెల్లెలికి ఒకటి. అదనంగా అయ్యేది నెలకు 420. ఉలవలు, మీల్‌మేకర్ కూడా ఇంటందరికీ వండించండి, నాన్నగారికి కూడా. దానికి మరో 600 వేసుకుందాం. మొత్తం మీద నెలకు 2,000 లోపే. మీరు ఇంట్లో ఇచ్చే 8,000కు పైన ఈ 2,000 విడిగా అమ్మ చేతిలో పెట్టండి, పప్పుల డబ్బులు అని చెప్పి.

ఆ 2,000 ఎక్కడిదంటారా? 16,500లో మీరు చెప్పిన ఖర్చులు 12,500. దిక్కు తెలియని 4,000 మిగులుతోంది. ఒక నెల పాటు ఫోనులో చెల్లింపుల చిట్టా చూడండి, సాయంత్రం పూట చౌమీన్, కూల్‌డ్రింకు కనిపిస్తాయని నా అనుమానం. సాయంత్రం ఆకలేస్తే బరా (గారె) మానేసి ఒక దొన్నె ఘుగుని తినండి. అది ఎండు బఠాణీల కూర, ఆ డబ్బుకు మంచి తిండే. మిగిలే 2,000లో వెయ్యి రూపాయలు జీతం పడిన రోజునే వేరే సేవింగ్స్ ఖాతాలో వేసి ముట్టుకోకండి. నాన్నగారి ఆటో వారం రోజులు మూలపడితే ఇంటికి దారి చూపేది ఆ డబ్బే.

అదే బ్యాంకులో ఇంకో చిన్న పని ఉంది. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. 70 ఏళ్ల వరకు చేరవచ్చు గనుక రోజంతా రోడ్డు మీద ఉండే నాన్నగారిని ముందు చేర్పించండి, మీరూ చేరండి. 436 రూపాయల జీవనజ్యోతి బీమాలో చేరడానికి వయసు 50 దాటకూడదు, నాన్నగారికి అది దాటిపోయింది. మీరు చేరవచ్చు, నామినీగా అమ్మ పేరు రాయండి.

పచ్చసొన తీయవద్దు. గుడ్డులోని మాంసకృత్తుల్లో దాదాపు నలభై శాతం పచ్చసొనలోనే ఉంటుంది, విటమిన్లు చాలావరకు అందులోనే ఉంటాయి. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప దాన్ని పారేయడమంటే ఏడు రూపాయల గుడ్డులో మూడు రూపాయలు చెత్తబుట్టలో వేసినట్లే. 30 గుడ్ల ట్రే 195 అని రాశారు కదా, అలా కొంటే గుడ్డుకు అర్ధరూపాయి తగ్గుతుంది. ఐదేసి చొప్పున ట్రే ఆరు రోజులకు వస్తుంది.