లేని ఎక్స్‌పీరియన్స్ కొనుక్కోవద్దు పాపా

పాపా,

నువ్వు పంపిన లింక్డ్‌ఇన్ ప్రొఫైల్, రెజ్యూమె రెండూ చూశాను. బెంగళూరు మారతహళ్లిలో కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర అడుగుతున్నారని, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటరు, శాలరీ స్లిప్పులు, పీఎఫ్ అన్నీ వాళ్లే చూసుకుంటారని, దానికోసం మీ అమ్మ గాజులు తాకట్టు పెడతానంటోందని మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పాడు. ఈ సంగతులన్నీ ఫోన్లో తేలేవి కావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒకటే మాట. ఆ డబ్బు కట్టొద్దు. మీ పెద్దమ్మ ఉద్యోగమంతా బెంగళూరులో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పనిలోనే గడిచింది. నీలాంటి పిల్లల్ని, ముఖ్యంగా మన అనంతపురం, కడప వైపు నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లల్ని ఎంతమందిని చూశానో. దొంగ కాగితాలతో వచ్చిన పిల్లలు చెడ్డవాళ్లని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంట్లో అప్పు, పక్కింటి వాళ్ల ప్రశ్నలు, పీజీ అద్దె, ఇవన్నీ తరుముతుంటే ఎవరో ఒకడు దగ్గరి దారి ఉందంటాడు, పోతారు. కానీ ఆ దారిలో ఏం జరుగుతుందో కన్సల్టెన్సీ వాడు నీకు పూర్తిగా చెప్పడు కాబట్టి నేను చెప్తాను.

యూఏఎన్ అని ప్రావిడెంట్ ఫండ్‌కు 12 అంకెల నంబరు ఒకటి ఉంటుంది, 2014లో తెచ్చారు. ఎన్ని కంపెనీలు మారినా మనిషికి అదే నంబరు, ప్రతి కంపెనీ మెంబర్ ఐడీ దాని కిందికే వచ్చి చేరుతుంది. ఆఫర్ ఇచ్చేముందో, చేరిన కొత్తలోనో దాని సర్వీస్ హిస్టరీ అడుగుతారు, ఎక్కడ ఏ తేదీన చేరావు, ఏ తేదీన మానేశావు అంతా అందులో కనబడుతుంది. పీఎఫ్ కూడా మేమే కడతాం అంటారు వీళ్లు. కడతారు కూడా, పేరుకు మాత్రమే ఉన్న కంపెనీ ఒకటి పెట్టి. కానీ పాస్‌బుక్‌లో ఏ నెల జీతానికి కట్టిందీ, ఏ రోజు కట్టిందీ రెండూ ఉంటాయి కదా, పాత నెలలన్నిటికీ ఈ మధ్యనే ఒకేసారి కట్టి ఉంటే చూసేవాళ్లకు అర్థం కాదా? పైగా ఎవరూ పేరు వినని ఒకే కంపెనీ నుంచి చాలామంది వస్తుంటే వెరిఫికేషన్ ఏజెన్సీలు అట్లాంటి పేర్లన్నీ జాబితా రాసి పెట్టుకుంటాయి. నువ్విచ్చిన హెచ్‌ఆర్ సెల్ నంబరుకు ఎవరూ ఫోన్ చేయరు, కంపెనీ సొంత ఈమెయిల్‌కు రాస్తారు. డిగ్రీ అయితే నేరుగా యూనివర్సిటీకే రాస్తారు. జీతంలో పన్ను కోసి ఉంటే అది ఆదాయపన్ను శాఖ రికార్డులో కంపెనీ పేరుతో సహా ఉంటుంది. 2022 నవంబరులో యాక్సెంచర్ ఇండియా వాళ్లు, ఉత్తుత్తి కంపెనీల కాగితాలతో చేరినవాళ్లను తీసేశామని బాహాటంగానే చెప్పారు.

ఇవన్నీ దాటి చేరిపోయావే అనుకో. అప్పుడైనా తీరుతుందా? అమెరికాలో ఎంఐటీకి అడ్మిషన్స్ డీన్‌గా ఉన్న మారిలీ జోన్స్ ఉద్యోగంలో చేరేటప్పుడు లేని డిగ్రీలు రాసుకుంది, 28 ఏళ్లు అక్కడే మంచి పేరుతో పనిచేసింది, 2007లో ఆ సంగతి బయటపడి రాజీనామా చేసింది. అన్నేళ్ల మంచి పని కూడా ఆమెను కాపాడలేకపోయింది. అన్నిటికంటే నాకు బాధేమిటంటే, అట్లా చేరిన పిల్లలు పనిచేసే చోట ఎవరినీ ఏదీ అడగలేరు. మూడేళ్ల అనుభవం ఉందని చెప్పినమ్మాయి మొదటి వారంలోనే ఇది ఎట్లా చేయాలి అని ఎట్లా అడుగుతుంది చెప్పు? ఫ్రెషర్‌గా చేరితే నెలల తరబడి అడగొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. నేర్చుకునే వయసులో నోరు కుట్టేసుకోవాల్సి వస్తుంది. హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తే చాలు గుండె దడ.

ఇక ఇంటర్వ్యూ సంగతి. బట్టీ పట్టినవాళ్లకు డెఫినిషన్లు బ్రహ్మాండంగా వస్తాయి, నేను అవి అడిగేదాన్నే కాదు. మీ ప్రాజెక్టులో రాత్రిపూట ఏదైనా ఆగిపోతే ముందు ఎవరికి ఫోన్ వచ్చేది, చివరిసారి ఏం ఆగింది అని అడిగేదాన్ని. నిజంగా పనిచేసిన పిల్లాడు అక్కడే అందుకుంటాడు, మేడమ్ ఆరోజు పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్ అయింది, అది మాకెవరికీ తట్టలేదు, తెల్లారేదాకా కోడ్ వెతికాం అంటాడు. చిన్న విషయమే, కానీ అది కల్పించి చెప్పగలిగేది కాదు. చేయనివాళ్లు నీళ్లు నములుతారు, లేకపోతే కళ్లు పక్కనున్న స్క్రీన్ మీదికి పోతాయి. వీడియో ఇంటర్వ్యూలో అది మాకు ఎంత స్పష్టంగా కనబడుతుందో అట్లా చూసేవాళ్లకు తెలియదు.

అందుకే నీ ప్రొఫైల్‌లో ఒక్కొక్క లైను దగ్గర ఆగి, దీని గురించి పది నిమిషాలు మాట్లాడగలనా అని చూసుకో. మాట్లాడలేనిది కొట్టేయి. అట్లా చూస్తే నువ్వు రాసిన స్కిల్స్‌లో సగం పోతాయి, పోనీ. రెండు రోజుల వీడియో చూసినంత మాత్రాన మెషిన్ లెర్నింగ్ వచ్చినట్టు కాదు.

నాకు కోపం వచ్చింది దేనికో తెలుసా? ఉన్నది రాయలేదు నువ్వు. మీ నాన్న చీనీకాయల (బత్తాయిల) మండీకి పైథాన్‌లో లెక్కల ప్రోగ్రాం రాసిచ్చావు కదా. లాట్ నంబరు, తూకం, టన్నుకు ఇన్ని కిలోలని తీసే సూట్, కమీషన్, హమాలీ, అన్నీ పోను రైతు చేతికి వచ్చేదెంత అని చీటీ వస్తుంది. ఒకసారి అది సూట్‌ను తూకంలో తీయకుండా డబ్బులో తీసింది, ఒక రైతు చీటీ చూసి పట్టుకున్నాడు, నువ్వు రాత్రి కూర్చుని సరిచేసి పొద్దున బేరాలు మొదలయ్యేలోపు ఇచ్చావు. మీ నాన్న ఇప్పటికీ రోజూ దాన్నే వాడుతున్నాడు. ఇది నీ రెజ్యూమెలో ఒక్క ముక్క కూడా లేదు! గిట్‌హబ్‌లో, అంటే కోడ్ దాచుకునే సైటులో, ఇంకెవరో పెట్టింది దించుకున్న ఈ-కామర్స్ ప్రాజెక్టు మాత్రం పైన పెట్టావు, మొత్తం ఫైళ్లన్నీ ఒకే రోజు ఒకేసారి ఎక్కించినట్టు అక్కడే కనబడుతోంది. అది తీసేసి మండీ ప్రోగ్రాం పెట్టు. ఆ సూట్ తప్పు, దాన్ని నువ్వు సరిచేసిన సంగతి కూడా రాయి.

అట్లే కన్నడ. మనకు ఎంత అలవాటంటే అదొక అర్హత అని కూడా తోచదు. బెంగళూరులో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగాలకు తెలుగూ కన్నడా రెండూ వచ్చిన పిల్ల దొరికితే వదులుకోరు. రాయి. ఇంగ్లీషు దగ్గర ‘ఫ్లూయెంట్’ అని పెట్టావు, పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివినదానివి, ఫోన్ ఎత్తిన రెండో నిమిషంలో తెలిసిపోతుంది. రాయడం, చదవడం బాగా వచ్చు, మాట్లాడటం నేర్చుకుంటున్నాను అని ఉన్నదున్నట్టు రాస్తే అందులో తలవంపులేమీ లేవు.

చదువయ్యాక ఖాళీగా ఉన్న ఆ ఏడాదిని ఏదో ఫ్రీలాన్సింగ్ అని మసిపూసి మారేడుకాయ చేశావు. ఎందుకు? నాన్నకు మోకాలి ఆపరేషన్ అయితే ఆ ఏడాది మండీ లెక్కలు నేనే చూశాను అని ఒక్క లైను చాలు. బాధ్యత మోసిన పిల్ల అనుకుంటారు తప్ప తక్కువగా చూడరు. బ్యాక్‌లాగ్‌లు, అంటే తప్పిన సబ్జెక్టులు, ఉండేవా అని అడిగితే ఉండేవి, ఫలానా ఏడాదికి అన్నీ క్లియర్ చేశాను అను, అడగకపోతే నువ్వే ఎత్తాల్సిన పని లేదు.

ప్రొఫైల్‌లో నీ గురించి చెప్పే ‘అబౌట్’ చాట్‌జీపీటీ రాసిందని రెండు లైన్లకే తెలిసింది. తప్పులు దిద్దించుకోవడానికి వాడుకో, నేనేమీ అనను. కానీ ముందు నీ సంగతి నువ్వు ఫోన్లో రికార్డు చేసుకుని, మీ అక్కకు చెప్పినట్టు చెప్పి, దాన్ని రాసుకో. పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌కు 220 అక్షరాలే ఇస్తారు, అందులో ‘ప్యాషనేట్’, ‘డైనమిక్’ అనే మాటలు పెట్టి చోటు పాడుచేయకు. ఫోటో మార్చు, పెళ్లిలో దిగింది కత్తిరించి పెట్టావు, భుజం మీద ఇంకెవరిదో చెయ్యి అట్లే ఉంది. ఫిల్టర్ లేకుండా, పగటి వెలుతురులో, గోడ ముందు నిలబడి తీయించుకో, చాలు.

నిజం రాయమన్నాను కదా అని అన్నీ పెట్టమని కాదు. ఆధార్ నంబరు, ఇంటి అడ్రసు, పుట్టిన తేదీ రెజ్యూమెలో అక్కర్లేదు. ఉద్యోగం ఇస్తాం, రిజిస్ట్రేషన్‌కు డబ్బు కట్టు అని ఎవరు అడిగినా ఫోన్ పెట్టేయి.

నిజం రాస్తే కాల్స్ తగ్గుతాయి పెద్దమ్మా అంటావు. తగ్గుతాయి, అబద్ధం చెప్పను. ఫ్రెషర్‌కు బయట పరిస్థితి కష్టంగానే ఉంది, ఆర్నెల్లు కూడా పట్టొచ్చు. ఈలోపు నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో, కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ స్కీము అది, మన రాష్ట్రానికి చెన్నైలోని బోర్డు చూస్తుంది. స్టైపెండ్ తక్కువే అయినా శిక్షణ పూర్తయితే ప్రభుత్వ సర్టిఫికెట్ వస్తుంది, దాన్ని ఎవరు ఎన్నిసార్లు వెరిఫై చేసుకున్నా నీకు టెన్షన్ ఉండదు. ఈ ఆర్నెల్ల పీజీ ఖర్చు నేను చూసుకుంటాను, ఉద్యోగం వచ్చాక నెమ్మదిగా ఇద్దువు. మీ అమ్మతో నేను మాట్లాడతాను, గాజుల మాట ఎత్తొద్దని.

ఆదివారంలోపు మార్చి పంపు, నేను చదివి ఫోన్ చేస్తాను, ఇంటర్వ్యూలో అడిగినట్టే అడుగుతాను. మండీ చీటీ ఫోటో ప్రొఫైల్‌లో పెట్టేటట్టయితే నాన్నను ఒక మాట అడుగు, రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు కనబడకుండా చెరిపేసి పెట్టు.

మీ పెద్దమ్మ
అనంతపురం