కొలవనిదే సంతకం చేయకు

చిరంజీవికి ఆశీస్సులు.

హోమ్ థియేటర్ తెరలను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పనిలోకి దిగుతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఈ పనిలో అన్నిటికన్నా ముందు నీ కంటిని నమ్మడం మానుకోవాలి. ఏ తెలుపు ముందు కాసేపు కూర్చున్నా కన్ను దానికే అలవాటు పడుతుంది కనుక, నీలిఛాయ మితిమీరిన తెర కూడా కొద్దిసేపటికి స్వచ్ఛంగానే తోస్తుంది. అందుకే పగటి వెలుతురును పోలిన డీ65 తెలుపును, అంటే రంగుల పటంలో ఎక్స్ 0.3127, వై 0.3290 విలువలను, ప్రమాణంగా పెట్టుకుని మీటరుతోనే తేల్చుకోవాలి.

ఆ మీటరునూ గుడ్డిగా నమ్మకు. రంగు ఫిల్టర్ల ద్వారా కొలిచే కలరిమీటరు చకచకా చదువుతుంది, చీకటి ఛాయలనూ బాగానే పట్టుకుంటుంది; కానీ దాని ఫిల్టర్లు ఏళ్లు గడిచేకొద్దీ మారతాయి, పైగా ప్రతి చుక్కా తానే వెలిగే ఓఎల్ఈడీ, క్వాంటమ్ డాట్, లేజర్ తెరల వర్ణపటాలు ఒకదానితో ఒకటి పోలవు. కాబట్టి ప్రతి తెర మీదా ముందుగా కాంతిని వర్ణపటంగా విడదీసి కొలిచే స్పెక్ట్రోరేడియోమీటరుతో సరిపోల్చి, కలరిమీటరుకు సవరణ ఇచ్చాకే పని మొదలుపెట్టు.

తెరను కనీసం అరగంట వెలగనిచ్చి, గదిని చీకటి చేసి, సినిమా మోడ్ ఎంచుకుని, దృశ్యాన్ని బట్టి మారే డైనమిక్ కాంట్రాస్ట్‌ను, గది వెలుతురును బట్టి మారే సెన్సర్‌ను ఆపివేయి. తర్వాత ముందుగా నలుపు స్థాయిని సరిచేయి. వీడియో సిగ్నల్‌లో నలుపును సూచించే 16 అంకె దగ్గరి పరీక్ష పట్టీ నలుపులో కలిసిపోవాలి, దానికి కాస్త పైనున్న పట్టీ లీలగా కనిపించాలి. ఆ తర్వాత కాంట్రాస్ట్, గ్రేస్కేల్ (నలుపు నుంచి తెలుపు దాకా ఉండే బూడిద ఛాయలు), గామా (ఆ ఛాయల్లో వెలుగు పెరిగే తీరు), రంగులు చిట్టచివర. తెలుపు కుదరకుండా రంగులు దిద్దితే, తెలుపును సవరించగానే అవన్నీ మళ్లీ చెదిరిపోతాయి.

నేను గట్టిగా పట్టుబట్టేది పరీక్ష చిత్రాల విషయంలోనే. తెరంతా తెలుపు నింపితే, విద్యుత్ వాడకాన్ని అదుపులో ఉంచేందుకు ఓఎల్ఈడీ కాంతిని తగ్గించుకుంటుంది కనుక, తెరలో 10 శాతం ఉండే చిన్న చతురస్రంతో కొలవడం ఆనవాయితీ. అయితే కొన్ని టీవీలు ఆ చతురస్రాన్ని గుర్తుపట్టి, దానికి మాత్రమే మంచి ఫలితం చూపించేలా ప్రవర్తించిన సందర్భాలున్నాయి. ఇది వీక్షకుడిని మోసగించడమే. చతురస్రం పరిమాణం మార్చి మళ్లీ కొలువు. తెలుపు, రంగుల ఫలితాలు రెండుసార్లకూ పొంతన లేకుండా ఉంటే ఆ తెరకు సంతకం పెట్టవద్దు.

హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను మరింతగా చూపే చిత్రం) విషయానికి వస్తే, సిగ్నల్ అంకెలను కాంతిగా మార్చే పీక్యూ విధానం 10,000 నిట్ల (తెర వెలుగుకు కొలమానం) వరకు చెబుతుంది, ఇళ్లలోని చాలా తెరలు దాన్ని అందుకోలేవు. కనుక తెర ఏ వెలుగు స్థాయి నుంచి కాంతిని కుదించడం మొదలుపెడుతోందో పత్రంలో రాయాలి. పెట్టె మీది ముద్ర ఆ మోడల్‌కు చెందినది. అల్ట్రా హెచ్‌డీ ప్రీమియం ముద్రకు 1,000 నిట్ల కాంతి, 0.05 నిట్ల నలుపు, లేదా 540 నిట్లు, 0.0005 నిట్లు ఉండాలన్న నియమం అటువంటిదే. నీ పత్రం మాత్రం ఆ గదిలోని ఆ ఒక్క తెరకు పూచీ. అందుకని రంగు ఎంత తప్పిందో చెప్పే డెల్టా ఈ విలువ 3 లోపు ఉందని మాత్రమే రాసి ఊరుకోక, ఏ మీటరుతో, ఏ మోడ్‌లో, ఏ వెలుతురులో కొలిచావో నమోదు చేసి, సవరణకు ముందు వచ్చిన రీడింగులను కూడా దానికి జతచేయి.

ఇట్లు, నీ శ్రేయోభిలాషి.