భారత్, శ్రీలంకల మధ్య సముద్రంలో ఉన్న చిన్న దీవి కచ్చతీవును వెనక్కి తెచ్చే అధికారం తమిళనాడు ప్రభుత్వానికి ఉందా?

లేదు, విదేశీ వ్యవహారాలూ ఒప్పందాలూ రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లోని కేంద్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి ఆ నిర్ణయం ఢిల్లీదే. పక్క దేశంతో మాట్లాడేటప్పుడు దేశానికి ఒకే గొంతు ఉండాలన్నది దీని వెనకున్న ఆలోచన. ఒక్కో రాష్ట్రం ఒక్కో మాట చెబితే అవతలివాళ్లు దేన్ని నమ్మాలి?

చెన్నైలో ఉండే తెలుగువాళ్లకు ఎన్నికలప్పుడల్లా వినిపించే ఈ దీవి సంగతే చూడండి. 1974లో ఇందిరా గాంధీ, శ్రీలంక ప్రధాని సిరిమావో బండారనాయకే కుదుర్చుకున్న ఒప్పందంతో అది శ్రీలంక వైపు వెళ్లింది. కరుణానిధి ప్రభుత్వం అభ్యంతరం చెప్పినా ఒప్పందం మారలేదు. నిజానికి అక్కడ తాగునీళ్లు కూడా లేవు. ఉన్నది ఒక అంతోనియార్ (సెయింట్ ఆంథోనీ) చర్చి. ఏటా ఉత్సవానికి రామేశ్వరం నుంచి భక్తులు వీసా లేకుండానే పడవల్లో వెళ్లొస్తారు. గొడవంతా చుట్టూ ఉన్న చేపల గురించే.

అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానిస్తే కేంద్రం చేసి తీరాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు అసెంబ్లీ చేసిన తీర్మానం కూడా చట్టం దృష్టిలో విజ్ఞప్తే. కాకపోతే కేంద్రంలో సంకీర్ణం ఉండి, ఆ రాష్ట్ర ఎంపీల మద్దతు తప్పనిసరైతే, అదే విజ్ఞప్తిని ఢిల్లీ కాస్త శ్రద్ధగా వింటుంది.