అరెస్టయిన రాత్రి నుంచి జైలు గేటు దాకా

ప్రశ్న: మాది పాత గుంటూరు. వీధిలో గొడవైతే మా చిన్నబ్బాయిని రాత్రికి రాత్రే స్టేషనుకు తీసుకెళ్లారు. అవతలి కుర్రాడు కర్ర దెబ్బలతో పెద్దాసుపత్రిలో చేరాడు. ఇప్పుడు మావాడు బెయిలు మీద ఇంటికొచ్చాడు గానీ, ఆ రెండు రోజులు మాకు దిక్కు తోచలేదు. ఒకాయన యాభై వేలు కడితే బెయిలు వస్తుందన్నాడు. మాకు తెలిసిన ప్లీడరేమో పొలం కేసులు చూసేవారు. ఇలాంటప్పుడు ఏం చేయాలో మా బంధువులకైనా చెప్పుకుంటాం. – ఓ తల్లి

జవాబు: బెయిలంటే డబ్బు కట్టడం కాదమ్మా. డబ్బు చేతులు మారేది ఎక్కువగా అరెస్టయిన రాత్రే కాబట్టి ముందు ఈ మాట చెబుతున్నాం. ‘పది వేలకు సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు’ అని కోర్టు అంటే ఆ పది వేలు ఎవరూ కట్టక్కర్లేదు. వాయిదాలకు రాకుండా తప్పించుకుంటే అప్పుడు వసూలు చేస్తామని రాయించుకునే మొత్తం అది. నగదు డిపాజిట్ కావాలంటే ఆ మాట ఆర్డరులోనే ఉంటుంది, కోర్టులో కట్టి రసీదు తీసుకుంటారు. స్టేషన్ బయట టీకొట్టు దగ్గర ఒకరి చేతిలో పెట్టే డబ్బుకూ బెయిలుకూ సంబంధం లేదు.

ఆ రాత్రి తెలుసుకోవాల్సినవి నాలుగు: ఏ స్టేషను, క్రైమ్ నంబరు (స్టేషనులో కేసు నమోదైన సంఖ్య) ఎంత, ఏయే సెక్షన్లు, ఎన్ని గంటలకు అరెస్టు చూపించారు. అరెస్టు చేశాక ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. గడియారం మొదలయ్యేది మనిషిని పట్టుకెళ్లిన వేళ నుంచి. చిక్కు కూడా ఇక్కడే వస్తుంది: రాత్రి తొమ్మిదింటికి తీసుకెళ్లి, మర్నాడు మధ్యాహ్నం అరెస్టు చేసినట్టు మెమోలో రాసే అవకాశం ఉంది. అందుకే తీసుకెళ్లిన వెంటనే ‘ఫలానా టైముకు ఫలానా చోట మావాణ్ణి తీసుకెళ్లారు’ అని బంధువులకు ఫోన్లో మెసేజ్ పెట్టండి. ఆ మెసేజ్ మీద పడే టైమే రేపు లాయరు కోర్టులో చూపించే కాగితం అవుతుంది. అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడో, ఆ వీధిలో పరువున్న మనిషో సాక్షిగా సంతకం చేయాలి. ఖాళీలు ఉన్న మెమో మీద మాత్రం చేయకండి. ఎందుకు అరెస్టు చేశారో రాతపూర్వకంగా ఇమ్మని అడగడం మీ హక్కు.

సెక్షన్లు ఎందుకంటే, బెయిలు దారి వాటిని బట్టే ఉంటుంది. చేత్తో కొట్టి మామూలు గాయమైతే భారతీయ న్యాయ సంహిత 115(2). ఇది బెయిలబుల్, జామీనిస్తే స్టేషనులోనే వదలాలి. కర్రో, కత్తో వాడారంటే 118(1) వేస్తారు. శిక్ష మూడేళ్ల దాకా ఉంటుంది, నాన్‌బెయిలబుల్, అంటే బెయిలు ఇవ్వాలో వద్దో కోర్టే తేలుస్తుంది. ఆ దెబ్బకు ఎముక విరిగిందని తేలితే 118(2)కి మారుస్తారు. దానికి యావజ్జీవం దాకా ఉంది కాబట్టి మేజిస్ట్రేటు కోర్టులో బెయిలు కష్టం, పైనున్న సెషన్స్ కోర్టుకు వెళ్లాల్సి రావచ్చు. సెక్షన్ ఎటు తిరగాలో తేల్చేది ఆస్పత్రి ఇచ్చే గాయాల సర్టిఫికెట్టే. ఎక్స్‌రేలో ఏముందో తెలియకుండా ‘రేపే బయటికి తెస్తా’ అనే మాట నమ్మొద్దు.

ఇక లాయరు. పొలం కేసులు చూసే ఆయన మంచివారే కావచ్చు, కానీ రిమాండు (అరెస్టయినవాణ్ణి కస్టడీకి పంపాలో లేదో మేజిస్ట్రేటు తేల్చేది) వేరే పని. ‘క్రిమినల్ వైపు ఎవరు బాగా చూస్తారండీ’ అని ఆయన్నే అడగండి, నిజాయితీగల ప్లీడరు పేరు చెబుతారు. వీలైతే ఉదయం పదిన్నరకల్లా, మీ స్టేషను కేసులు ఏ మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్తాయో ఆ హాల్లో వెనక బెంచీ మీద అరగంట కూర్చోండి. బెయిలు పిటిషన్ల మీద రోజూ లేచి మాట్లాడేది ఎవరో కళ్లతో చూస్తారు. కలిసినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి: రిమాండుకు మీరే వస్తారా, జూనియర్‌ను పంపుతారా? రిమాండు, బెయిలు పిటిషను, ష్యూరిటీలు (జామీనుదారులు) పెట్టడం, ఈ మూడింటికీ ఫీజు విడివిడిగా ఎంత? పిటిషను కొట్టేస్తే తర్వాత ఏం చేస్తారు? ‘బెయిలొస్తేనే ఫీజు’ అనే బేరాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. అలా అన్నవాళ్లకు దూరంగా ఉండండి.

ఫీజు ఇచ్చుకోలేకపోతే కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేసినా దారి చూపుతారు. ఉచితం కదా అని చిన్నచూపు వద్దు. ఆ సంస్థ తరఫున వాదించే డిఫెన్స్ కౌన్సిళ్లు క్రిమినల్ కేసులే చూస్తారు.

ఇంకొకటి. వకాలతు (లాయరుకు మన తరఫున వాదించే అధికారమిచ్చే కాగితం) మీద నిందితుడి సంతకం కోర్టుకు తెచ్చినప్పుడే చేయించుకోండి. ఆ క్షణం దాటితే కాగితం జైలుకెళ్లి, అధికారి ధ్రువీకరించి తిరిగి రావాలి. ఒక సంతకం కోసం రోజు పోతుంది. మేజిస్ట్రేటు ‘పోలీసులు కొట్టారా’ అని అడిగితే, కొట్టి ఉంటే భయపడకుండా దెబ్బలు చూపించమని అబ్బాయికి చెప్పండి. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న కేసుల్లో నోటీసు ఇచ్చి పిలవకుండా అరెస్టు ఎందుకు అవసరమైందో పోలీసులు కారణాలు రాయాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. మీవాడిది 118(1) అయి ఉంటే, లాయరు రిమాండు దగ్గరే ఈ అభ్యంతరం లేవనెత్తాల్సింది.

ప్రశ్న: మా తమ్ముడికి బెయిలు వచ్చి పన్నెండు రోజులైంది. ఇంకా గుంటూరు జిల్లా జైల్లోనే ఉన్నాడు. ష్యూరిటీలను కోర్టు రెండుసార్లు తిప్పి పంపింది. – తెనాలి పాఠకుడు

జవాబు: ఆర్డరు వచ్చాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు, అసలు ఆలస్యం అక్కడే మొదలవుతుంది. తిప్పి పంపడానికి కారణం మామూలుగా కాగితాల్లోనే ఉంటుంది. ఇంటి పన్ను రసీదు చనిపోయిన తండ్రి పేరు మీద ఉండటం, పాత ఏడాదిది కావడం, ఆధార్‌లో ‘వెంకటేశ్వర రావు’, రసీదులో ‘వెంకటేశ్వర్లు’ అని ఉండటం, జీతం సర్టిఫికెట్ మీద ఆఫీసు ముద్ర లేకపోవడం. జామీనుదారు ఇంకెంతమందికి జామీనుగా ఉన్నాడో ప్రమాణపూర్వకంగా చెప్పాలి. దాచిపెట్టి దొరికితే అతనికే చిక్కు. కాబట్టి కోర్టు గేటు దగ్గర దొరికే అద్దె జామీనుదారుల జోలికి పోవద్దు. ఒక్క సంతకం కోసం అన్నదమ్ములిద్దరూ ఇరుక్కుంటారు.

ఈసారి వెళ్లేటప్పుడు ఈ ఏడాది పన్ను రసీదు అసలుతో సహా, లేదంటే పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, ఫొటోలు పట్టుకెళ్లండి. పేర్లు తేడాగా ఉంటే ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ పెట్టండి. జామీనుదారు ప్రకాశం జిల్లావాడని తోసిపుచ్చకూడదు. వేరే జిల్లా అనే ఒక్క కారణం చాలదని 1978లోనే మోతీరాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇద్దరు దొరక్కపోతే షరతులు సడలించమని అదే కోర్టులో పిటిషను వేయించండి. బెయిలొచ్చి 7 రోజులైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలని, నెలలోపు పూచీకత్తు పెట్టలేకపోతే షరతుల మార్పును కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. మీకు పన్నెండు రోజులైంది కాబట్టి ఆ ఆదేశం తేదీ రాసి ఆ సంస్థకు అర్జీ పెట్టండి. చిన్న కేసు, బెయిలబుల్ సెక్షనే అయితే వారంలో జామీను ఇవ్వలేనివాణ్ణి పేదవాడిగా భావించి సొంత పూచీకత్తు మీదే వదలాలి.

విడుదల రోజున ఆర్డరు జైలుకు చేరాక లాకప్ వేళ దాటితే మర్నాడే వదులుతారు. వేరే కేసులో పీటీ వారెంటు (జైల్లో ఉన్నవాణ్ణి ఆ కేసు కోర్టుకు తీసుకురమ్మనే ఆదేశం) ఉంటే అప్పుడూ వదలరు. అది ఉందో లేదో ములాఖత్‌కు వెళ్లినప్పుడే తమ్ముణ్ణి అడిగి రండి.

ప్రశ్న: దొంగతనం కేసులో మావాడు రిమాండులో ఉండి 61 రోజులు. ఛార్జిషీటు వేయలేదు. బెయిలు పిటిషను వచ్చే వారం చూద్దామంటున్నారు లాయరుగారు. – మంగళగిరి

జవాబు: వచ్చే వారం కాదండీ, ఈరోజే. శిక్ష మూడేళ్లలోపు ఉండే మామూలు దొంగతనానికి, ఛార్జిషీటు (దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో వేసే అభియోగపత్రం) వేసే గడువు 60 రోజులు. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు అంతకు మించి శిక్ష ఉండే నేరాలకే 90 రోజులు. రిమాండు చేసిన రోజును కూడా లెక్కలో కలపాలి. గడువు దాటినా పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు నిందితుడి హక్కు, కేసు మంచిచెడ్డలతో పని లేదు. కానీ అడగనిదే రాదు. మీరు పిటిషను వేయకముందే పోలీసులు ఛార్జిషీటు వేసేస్తే ఆ హక్కు పోతుంది, మళ్లీ మామూలు బెయిలు పిటిషనే గతి. పిటిషనులో రిమాండు తేదీ, ఎన్నో రోజు, జామీను ఇవ్వడానికి సిద్ధమన్న మాట, మూడూ ఉండాలి. దాఖలు చేసిన వేళ కోర్టు ముద్ర మీద కనిపించేలా ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.