మా గుడికి తాళం వేయాలా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది గుడివాడ దగ్గర పల్లె. మా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గుడి మా తాతల నాటిది. ఒకప్పుడు క్రిస్మస్‌కి లోపల చోటు చాలక బయట షామియానా వేసేవాళ్లం. ఇప్పుడు ఆదివారం పద్దెనిమిది మంది వస్తే ఎక్కువ. అందులో నేనే చిన్నదాన్ని, నాకు యాభై ఆరు. పిల్లలంతా హైదరాబాద్, బెంగళూరు. సెలవులకు వచ్చినా డ్రమ్స్, కీబోర్డు ఉన్న కొత్త చర్చికే పోతున్నారు. మా పాస్టరు గారికి ఏడు ఊళ్లు, నెలకోసారి వస్తారు. రోడ్డు పక్క స్థలం ఎనిమిది సెంట్లు, అమ్మేసి టౌను సంఘంలో కలిసిపోదామని ఇద్దరు పెద్దలు అంటున్నారు. కోశాధికారిని నేనే. కానుకలు లెక్కపెట్టేటప్పుడు ఏడుపొస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ ఎనిమిది సెంట్ల సంగతి. దస్తావేజు ఎవరి పేరున ఉందో చూశారా? మన గుళ్ల ఆస్తులు చాలావరకు సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంటాయి. ఇద్దరు పెద్దలు అనుకుంటే అమ్ముడుపోయేవి కావు. ఆ మాట మెల్లగా వాళ్ల చెవిన వేయండి. నా సర్వీసులో బెంచీలు ఖాళీ అయి మూతపడ్డ గుడి ఒక్కటే చూశాను. కోర్టు వాయిదాలతో చీలిపోయినవి మూడు.

ఇక పద్దెనిమిది మంది. ఒంగోలులో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని సండే స్కూల్లో మనకు గర్వంగా చెప్పేవారు. అది 1878. అదే ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైందని మాత్రం ఎవరూ చెప్పలేదు. అంతకుముందు నెల్లూరులో ఆ అమెరికన్ బాప్తిస్టు మిషన్‌ను ఎత్తేయాలా వద్దా అని అమెరికాలో వాళ్ల సంఘం చర్చలు కూడా పెట్టుకుంది. మీకూ రెండు వేల మంది వస్తారని నేను అనను. అబద్ధం అవుతుంది.

సంఘం రిజిస్టరులో పేర్లు తక్కువని కూడా బెంగపడకండి. క్రైస్తవులని తెలిస్తే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందన్న భయంతో పేరు రాయించుకోని వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఎస్సీలెవరో చెప్పే 1950 నాటి ఉత్తర్వును 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు, మనవాళ్ల కోసం సవరించలేదు. కొడుకు ఉద్యోగం కోసం పేరు దాచుకున్న తల్లిని నేనెన్నడూ తప్పుపట్టలేదు.

పాస్టరు గారు నెలకోసారే వస్తున్నారన్నారు. అజరయ్య గారు డోర్నకల్ బిషప్ అయిన 1912లో మాత్రం ఊరికో పాస్టరు ఉన్నారా? బడి పంతులే ఉపదేశి. కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చి, గంజి తాగాక, రాత్రి దీపం పెట్టుకుని ప్రార్థన చేసుకునేవారు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత ఆయన తమ తల మీద చెయ్యి పెట్టించి, ‘సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ’ అనిపించేవారట. అంటే పని అందరిదీ. మీ పద్దెనిమిది మందిలో చదవడం వచ్చినవాళ్లు ఎందరు? వారానికొకరు వాక్యం చదవండి. తడబడితే తడబడనివ్వండి.

నేను సైకిల్ మీద తిరిగిన రోజుల్లో ఒక ముసలమ్మ ఉండేది. రోజూ అత్తెసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి, మూత వంగిన పాత డాల్డా డబ్బాలో వేసేది. ఇంట్లో రెండు పిడికెళ్లే ఉన్న రోజున కూడా. ఆదివారం ఆ డబ్బా కొంగు కింద పెట్టుకుని వచ్చి, ఎవరూ చూడకుండా బల్ల దగ్గర గుమ్మరించేది. ఆ బియ్యం అమ్మిన డబ్బుతోనే గుడి పెంకులు మార్పించాం. మీ లెక్కల పుస్తకంలో అలాంటి పద్దులు పాతవి ఉండే ఉంటాయి, వెనక్కి తిప్పి చూడండి.

పిల్లల కోసం కీబోర్డు కొనకండి. డ్రమ్స్‌లో ఆ కొత్త చర్చితో మీరు పోటీపడలేరు, మీ ముసలివాళ్ల చెవులు కూడా తట్టుకోవు. వాళ్లు అక్కడికి పోతే పోనివ్వండి, వాళ్లు కొలిచేదీ అదే ప్రభువునే కదా. కోత పండుగ మాత్రం సంక్రాంతి సెలవుల్లో పెట్టండి. కానుకగా వచ్చిన పంటల వేలంపాట పిల్లల చేతే పాడించండి. ఇరవై రూపాయల సొరకాయకు ఇద్దరు బావలు పంతానికి పోయి ఎనిమిది వందలు పాడటం బెంగళూరులో ఎక్కడ దొరుకుతుంది?

గుడి తలుపు తీసేందుకు కూడా మనిషి లేని రోజు వస్తే తాళం వేయడం పాపమేమీ కాదు. టౌను సంఘంతో కలవడం గురించి అప్పుడు మాట్లాడుకుందాం. మీకింకా యాభై ఆరే. వేలంలో సొరకాయ ఎంత పలికిందో నాకు ఉత్తరం రాయండి.