ఇంటి డెస్క్‌టాప్‌లో సెక్యూర్ డీఎన్ఎస్: ముందు గడియారం చూసుకోండి

పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ ఉంది, అందులో అన్‌బౌండ్ (సొంత డీఎన్ఎస్ సర్వర్‌గా పనిచేసే సాఫ్ట్‌వేర్) వేసి ఇంట్లో ఫోన్లకూ టీవీకీ అదే డీఎన్ఎస్‌గా, అంటే సైటు పేరు అడిగితే దాని ఐపీ నంబరు చెప్పేదిగా ఇవ్వొచ్చా, ఇబ్బందులేమైనా వస్తాయా అని అడిగారు. ఇవ్వొచ్చండి. రెండేళ్లుగా మా ఇంట్లో అలాగే నడుస్తోంది. సైటు పేరు తప్పు కొడితే మా ఇంటర్నెట్ కంపెనీ ఏదో ప్రకటనల పేజీ చూపించేది. అది చూసి చిరాకేసి పెట్టుకున్నా.

డెబియన్ లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పని కాదు. ప్యాకేజీ వేస్తే డీఎన్ఎస్‌సెక్ తనిఖీకి (జవాబు మీద ఉన్న డిజిటల్ సంతకాన్ని సరిచూడటం) కావాల్సిన రూట్ కీ (ఆ సంతకాలన్నిటికీ మూలమైన తాళంచెవి) కూడా దాంతోపాటే వస్తుంది. మొదట్లో అది 127.0.0.1 మీద మాత్రమే, అంటే ఆ సిస్టమ్ లోపలి నుంచి వచ్చే ప్రశ్నలే వింటుంది. ఆ ఒక్క సిస్టమ్ కోసమే అయితే అక్కడితో ఆగిపోండి. ఇల్లంతటికీ కావాలంటే కాన్ఫిగరేషన్ ఫైలులో ఇంటర్‌ఫేస్ దగ్గర 127.0.0.1, డెస్క్‌టాప్ ఇంటి ఐపీ రెండూ విడివిడిగా రాయండి. ఉబుంటులో 0.0.0.0 (అన్ని చిరునామాలూ) అని రాస్తే, డీఎన్ఎస్ ప్రశ్నలు వచ్చే పోర్ట్ 53ని అప్పటికే పట్టుకుని కూర్చున్న ఉబుంటు సొంత డీఎన్ఎస్ సేవ సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్‌తో గొడవ మొదలవుతుంది. యాక్సెస్-కంట్రోల్‌లో 192.168.1.0/24 లాంటి మీ ఇంటి నెట్‌వర్క్‌కి మాత్రమే అనుమతివ్వండి. రౌటర్‌లో పోర్ట్ 53 బయటికి అస్సలు తెరవొద్దు. తెరిచారంటే ఎవడో దొంగ చిరునామాతో చిన్న ప్రశ్న పంపిస్తాడు, దానికి మీ సర్వర్ ఇచ్చే పెద్ద జవాబు వెళ్లి ఇంకెవరి నెత్తినో పడుతుంది.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. ఒక రాత్రి కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చింది. పొద్దున్నే అమ్మ, "టీవీలో యూట్యూబ్ రావట్లేదురా" అంది. అలవాటు ప్రకారం ఇంటర్నెట్ వాళ్లని తిట్టుకుంటూ రౌటర్ ఆపి మళ్లీ వేశా. గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ శుభ్రంగా వెళ్తోంది. పేరు పెట్టి అడిగితే మాత్రం ఏ సైటుకైనా ఒకటే జవాబు: సర్వ్‌ఫెయిల్, అంటే సర్వర్ జవాబు ఇవ్వలేకపోయిందని. గంటసేపు కాన్ఫిగరేషన్ ఫైలు మీద పడ్డా. ముట్టుకోని ఫైలు దానంతటదే ఎందుకు చెడుతుంది? ఆ మాత్రం తట్టలేదు.

చివరికి డీఎన్ఎస్‌ని అడిగి చూసే డిగ్ కమాండ్‌కి +సీడీ తగిలించా. సంతకాలు సరిచూడకుండా దొరికిన జవాబు ఇచ్చెయ్ అని దానర్థం. టక్కున ఐపీ వచ్చేసింది. అంటే దారి బాగానే ఉంది, సంతకం దగ్గరే తేడా. అన్‌బౌండ్‌లో వాల్-లాగ్-లెవెల్ 2 (తనిఖీ ఎందుకు తప్పిందో రాయించే సెట్టింగ్) పెట్టి లాగ్ చూస్తే, 'సిగ్నేచర్ బిఫోర్ ఇన్‌సెప్షన్ డేట్' అని, అంటే సంతకం చెల్లుబాటు తేదీ ఇంకా మొదలవలేదని ఉంది. అప్పుడు చూశా స్క్రీన్ మూలన తేదీ. దాదాపు రెండేళ్లు వెనక్కి పోయింది!

డీఎన్ఎస్‌సెక్ సంతకానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకే చెల్లుబాటు. గడియారం వెనకబడితే, పోస్ట్-డేటెడ్ చెక్కుని ముందే బ్యాంకుకి తీసుకెళ్లినట్టే. మదర్‌బోర్డు మీద నాణెం సైజులో ఉండే సీఆర్2032 సెల్ అయిపోయింది, కరెంటు పోగానే టైమ్ కూడా పోయింది. సరే, నెట్ నుంచి టైమ్ తెచ్చుకోవచ్చుగా? టైమ్ సర్వర్ ఐపీ కావాలంటే డీఎన్ఎస్ పనిచేయాలి, డీఎన్ఎస్ పనిచేయాలంటే టైమ్ సరిగ్గా ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. లినక్స్‌లో టైమ్ సరిచేసే టైమ్‌సింక్‌డీ ఉంటే ఇంత ఘోరం జరిగేది కాదు. చివరిసారి సరిచేసుకున్న సమయాన్ని అది ఫైల్లో దాచుకుంటుంది. దాన్ని తీసేసి క్రోనీ అనే ఇంకో టైమ్ ప్రోగ్రామ్ పెట్టుకోవడం నా అతితెలివి.

చేత్తో తేదీ సరిచేస్తే నిమిషంలో అన్నీ వచ్చేశాయి. సాయంత్రం వాచీల కొట్లో సెల్ తెచ్చి మార్చా. అది కూడా ఎప్పుడో పోతుంది కదా, అందుకే క్రోనీలో ఒక టైమ్ సర్వర్‌ని పేరుతో కాకుండా ఐపీతోనే రాశా: క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది, 162.159.200.1. టైమ్ సర్వర్ డొమైన్‌ని తనిఖీ లేకుండా వదిలెయ్యమని డొమైన్-ఇన్‌సెక్యూర్‌తో చెప్పొచ్చు. కానీ కింద చెప్పే టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్ పద్ధతి) వాడితే అది చాలదు, దాని సర్టిఫికెట్లకీ తేదీలుంటాయి.

డీఎన్ఎస్‌సెక్ జవాబు అసలైనదా కాదా అని చూస్తుందే తప్ప దాన్ని దాచదు. దాచాలంటే పోర్ట్ 853లో టీఎల్ఎస్ మీదుగా క్వాడ్9 లాంటి బయటి డీఎన్ఎస్ వాళ్లకి ఫార్వర్డ్ చేయాలి. అక్కడ 9.9.9.9@853 అని రాసి వదిలేయకండి. దాని పక్కన # పెట్టి సర్వర్ పేరు రాయాలి, టీఎల్ఎస్-సెర్ట్-బండిల్ (నమ్మదగిన సర్టిఫికెట్ల ఫైలు) కూడా చూపించాలి. పేరు లేకపోతే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది కానీ అవతల ఉన్నది ఎవరో సరిచూడదు. ఇలా చేస్తే మీ ప్రశ్నలన్నీ క్వాడ్9 చేతికి వెళ్తాయి. నాకది ఫర్వాలేదనిపించింది, మీ ఇష్టం.

కావాలనే తప్పు సంతకంతో పెట్టిన డీఎన్ఎస్‌సెక్-ఫెయిల్డ్ డాట్ ఆర్గ్‌ని డిగ్‌తో అడిగి చూడండి. సర్వ్‌ఫెయిల్ వస్తే తనిఖీ జరుగుతున్నట్టే. బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్‌లో ఉంటే అది మీ సర్వర్‌ని పక్కన పెట్టి తన దారిన పోతుంది, ఆపేయండి. రౌటర్‌లో రెండో డీఎన్ఎస్‌గా 8.8.8.8 ఇవ్వకండి. అది స్పేర్ టైరు కాదు, ఫోన్లు ఏది తోస్తే దాన్ని అడుగుతాయి. రెండోది ఇవ్వకపోతే ఒక చిక్కుంది, డెస్క్‌టాప్ ఆపితే ఇంట్లో అందరికీ నెట్ ఆగిపోతుంది. మా ఇంట్లో ఆ స్విచ్ మీద అమ్మ ప్లాస్టర్ అంటించింది.