పాఠకుల ప్రశ్నలు: అప్పుంది అమెరికాకి, భయం మాత్రం మిగతావాళ్లకి

ప్రశ్న: అమెరికా ప్రభుత్వానికి 36 లక్షల కోట్ల డాలర్ల పైనే అప్పుందంటారు. అయినా అందరి మీదా పెత్తనం వాళ్లదే. అందులో వందోవంతు కూడా అప్పులేని దేశాలేమో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి, కష్టాల్లో ఉన్న దేశాలకి అప్పులిచ్చే సంస్థ) ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఇదెక్కడి లెక్కండీ?

జవాబు: అప్పు ఎంత అనేదే అందరూ చూస్తారు గానీ, అది ఏ కరెన్సీలో ఉంది, గొడవొస్తే ఏ దేశం కోర్టుకెళ్లాలి అనేవి అడగరు. అమెరికా అప్పు డాలర్లలోనే, ఆ డాలర్ పుట్టించేదీ వాళ్లే, కాబట్టి కట్టడానికి డబ్బుల్లేవనే పరిస్థితే రాదు (పార్టీలు కొట్టుకుని అప్పు లిమిట్ పెంచకుండా కూర్చుంటే తప్ప, అది వేరే నాటకం). మరీ ఎక్కువ పుట్టిస్తే ధరలు పెరగొచ్చు, డాలర్ విలువ పడొచ్చు, అంతే. జపాన్‌కైతే జీడీపీకి రెండింతల పైనే అప్పుంది, కానీ యెన్‌లో, అదీ చాలావరకు సొంత సెంట్రల్ బ్యాంక్, సొంత బ్యాంకుల దగ్గరే.

డాలర్లలో అప్పు తెచ్చుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల తప్పేమీ లేకపోయినా మునిగిపోవచ్చు. 1980 ప్రాంతంలో అమెరికా తన ఇంట్లో ధరలు తగ్గించుకోవడానికి వడ్డీ రేట్లు 20 శాతం దాకా లేపింది, లాటిన్ అమెరికా దేశాల అప్పులకేమో వడ్డీ మార్కెట్‌ని బట్టి మారేది, ఇంకేముంది, 1982 ఆగస్టులో మెక్సికో ఇక నావల్ల కాదని చేతులెత్తేసింది.

కోర్టు సంగతికి అర్జెంటీనాని చూడాలి. 2001లో అప్పు ఎగ్గొట్టింది, తర్వాత సగానికి పైగా కోత పెట్టి కొత్త బాండ్లు (అప్పు పత్రాలు) ఇస్తే 93 శాతం దాకా ఒప్పేసుకున్నారు. మిగిలినవాళ్లలో ఒక హెడ్జ్ ఫండ్ (డబ్బున్నవాళ్ల సొమ్ము తీసుకుని రిస్కు పెట్టుబడులు పెట్టే కంపెనీ) ఉంది, పేరు ఎలియట్, పాత బాండ్లు కారుచౌకగా కొనిపెట్టుకుని మొత్తం సొమ్ము కావాలని కూర్చుంది. 2012 అక్టోబర్‌లో అర్జెంటీనా నేవీ ట్రైనింగ్ షిప్ లిబర్టాడ్ ఘనాలో ఆగితే, అక్కడి కోర్టుకెళ్లి ఏకంగా షిప్‌నే కదలనివ్వకుండా ఆపించారు! ఒక దేశం యుద్ధనౌకని ఒక ఫండ్ కంపెనీ ఆపడమంటే మాటలా, చివరికి హాంబర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్ర ట్రిబ్యునల్ చెప్తే డిసెంబర్‌లో వదిలారు. కానీ అసలు దెబ్బ న్యూయార్క్‌లో పడింది. బాండ్లు న్యూయార్క్ చట్టం కింద రాసినవి, ఎలియట్ లాంటివాళ్లకి ఇవ్వకుండా, కొత్త బాండ్లకి ఒప్పుకున్నవాళ్లకి కూడా వడ్డీ కట్టకూడదని అక్కడి జడ్జి ఆర్డరేశాడు, దాంతో చేతిలో డబ్బున్నా కట్టలేక 2014లో మళ్లీ డిఫాల్ట్. 2016లో ఎలియట్ దాదాపు 240 కోట్ల డాలర్లు ముక్కుపిండి వసూలు చేసుకుంది.

ఐఎంఎఫ్‌లో పెద్ద నిర్ణయాలకి 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదానికే 16 శాతానికి పైగా ఉన్నాయి, అంటే అది వద్దంటే ఆగిపోవాల్సిందే. 1956లో ఈజిప్టులోని సూయజ్ కాలువ మీదకి సైన్యాన్ని పంపిన బ్రిటన్‌కే అమెరికా పెత్తనం దెబ్బ తగిలింది, పౌండ్ పడిపోతుంటే ఐఎంఎఫ్ సాయానికి అమెరికా అడ్డుపడింది, సైన్యం వెనక్కొస్తామన్నాకే డబ్బు కదిలింది.

ప్రశ్న: మరి చైనా అప్పులిచ్చి పోర్టులు లాక్కుంటోందనేది నిజమేనా? శ్రీలంక హంబన్‌టోట అలా పోయిందేగా?

జవాబు: సగం నిజం. 2017లో ఆ పోర్టుని 99 ఏళ్లకి చైనా కంపెనీకి లీజుకిచ్చింది నిజమే, 112 కోట్ల డాలర్లొచ్చాయి. అయితే దాంతో పోర్టు అప్పేమీ రద్దవలేదు, వేరే అవసరాలకి డాలర్లు దొరికాయంతే. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక చేతులెత్తేసే టైంకి చైనా కంటే అంతర్జాతీయ బాండ్లు కొన్నవాళ్లకే ఎక్కువ బాకీ ఉంది. అలాగని చైనా అమాయకురాలేం కాదు, వాళ్ల ఒప్పందాలు చాలావాటిలో షరతులు బయటపెట్టకూడదని రాసుంటుంది. నాకైతే పోర్టు కంటే ఆ గోప్యతే పెద్ద సమస్యనిపిస్తుంది, ఎవడికెంత బాకీనో తెలీకుండా ఎవడు మాత్రం తన బాకీలో ముందు కోతకి ఒప్పుకుంటాడు? ఆఫ్రికాలోని జాంబియా 2020 నవంబర్‌లో డిఫాల్ట్ అయితే, చైనాతో సహా అప్పిచ్చిన ప్రభుత్వాలు ఒక మాట మీదకి రావడానికి 2023 జూన్ అయింది, బాండ్ల వాళ్లతో తేలేసరికి 2024.